బదిలీ ఉత్తర్వులో ఎవరి పేరు ఉన్నది?

కొద్ది నెలల క్రితం సికిందరాబాదులో జరిగిన ఒక బ్రాంచి సమావేశంలో విశాఖపట్నం బదిలీల విషయం చర్చకు వచ్చినది. వేదిక మీద నుండి మేము కొత్త జోన్ చరిత్ర చెప్పినాము. సీనియారిటీ నిబంధనలు వివరించినాము. ఆప్షన్ పత్రం నింపుటలో పాటించవలసిన జాగ్రత్తలు చెప్పినాము. సభ ముగియవచ్చిన సమయంలో, భర్తతో కూడ వచ్చి వెనుక వరుసలో కూర్చున్న ఒక సోదరి లేచి ఇట్లా అడిగినది: "అన్నా, మీ కాగితంల ఆయన పేరొక్కటే ఉన్నది. అత్తమ్మ పేరేది? పిల్లల పేర్లేవి? మేమంత పోవాలెనా, వద్దా?"

సభలో కొందరు నవ్వినారు. ఏండ్ల తరబడి బదిలీ ఉత్తర్వులు చదువుతూ, కొన్నింటిని రద్దు చేయించుతూ, కొన్నింటిని మార్పించుతూ వచ్చిన మా వద్ద మాత్రం ఆ ప్రశ్నకు సమాధానం సిద్ధంగా లేకపోయినది. ఉత్తర్వు ఒక ఉద్యోగి పేరుతో వెలువడుతుంది. ఊరు మారేది ఇల్లంతా. జీతం, సీనియారిటీ, పదోన్నతి అనేవి ఉద్యోగ సమస్యలనీ, అద్దె ఇల్లు, పిల్లల బడి, ముసలి తల్లి మందులు, వంటింటి ఉక్క అనేవి ఎవరికి వారు తీర్చుకోవలసిన సొంత సమస్యలనీ యాజమాన్యం ఒక గీత గీసినది. ఆ గీతను మన సంఘాలు కూడ చాలాకాలం అంగీకరించినవి. ఆ అంగీకారం పొరపాటని మా అభిప్రాయం. కుటుంబంతో ఊరు మారుటకు అయ్యే మూల్యం కూడ ఉద్యోగ పరిస్థితులలో భాగమే. దానిని సంఘం చేపట్టవలెను.

జోన్ విషయమై మన వైఖరి

మొదట ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే ఏర్పాటును మేము వ్యతిరేకించుటలేదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014 లోని 13వ షెడ్యూలు ఆ రాష్ట్రానికి కొత్త రైల్వే జోన్ అంశాన్ని పరిశీలించవలెనని పేర్కొన్నది. 2019 ఫిబ్రవరి 27న జోన్ ప్రకటించబడినది. 2025 జనవరి 8న ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగినది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను కుదించి విశాఖపట్నం డివిజన్‌గా ఉంచవలెననీ, మిగిలిన భాగాన్ని రాయగడ డివిజన్‌గా చేయవలెననీ నిర్ణయించినది. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు కేంద్రంగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే నుండి విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు ఈ కొత్త జోన్ వాటాకు నిర్ణయించబడినవి. ప్రజల దీర్ఘకాల కోరిక ఒకటి నెరవేరుతున్నందుకు మాకు సంతోషమే.

అయితే జోన్ అనగా ఒక బోర్డూ ఒక భవనమూ మాత్రమే కాదు. సికిందరాబాదు నుండి, భువనేశ్వరం నుండి మూట ముల్లె కట్టుకొని రావలసిన గుమాస్తాలు, అకౌంట్స్ సిబ్బంది, టెక్నీషియన్లు, ప్యూన్లు, వారి కుటుంబాలు కలిస్తేనే జోన్. తపాలా సోదరులకు ఈ అనుభవం కొత్త కాదు. రాష్ట్రం విడిపోయిన తరువాత విజయవాడ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సర్కిల్ నడువనారంభించినప్పుడు, హైదరాబాదులో స్థిరపడిన కుటుంబాలు ఏ తర్జనభర్జన పడినవో వారికి తెలుసు.

ఊరు మారుట తెలుగు రైల్వే కార్మికునికి తాతల నాటి వ్యవహారం. ఈ విశాఖ, శ్రీకాకుళం తీరం నుండే మన పూర్వులు బెంగాల్ నాగపూర్ రైల్వే పనులకు ఖరగ్‌పూర్ వెళ్ళినారు. భార్యాబిడ్డలను తీసుకొని వెళ్ళినారు గనుకనే అక్కడ తెలుగు పేటలు, తెలుగు బడులు, గుడులు వెలసినవి. ఒంటరిగా వెళ్ళిన మనిషి పని చేసి తిరిగి వస్తాడు. కుటుంబంతో వెళ్ళిన మనిషి ఆ ఊరివాడౌతాడు. కొత్త జోన్ నిలదొక్కుకొనవలెనంటే దానికి కావలసినది ఈ రెండవ రకపు మనిషి.

ఎనిమిది నెలల లెక్క

ఇక లెక్కలు చూతము. ఇంటి అద్దె భత్యానికి హైదరాబాదు 'ఎక్స్' తరగతి నగరం. విశాఖపట్నం 'వై' తరగతి. 2024 జనవరి 1 నుండి కరువు భత్యం 50 శాతానికి చేరినందున ఈ భత్యం మూడు తరగతులకు వరుసగా 30, 20, 10 శాతాలైనది. 35,400 రూపాయల మూలవేతనం గల ఉద్యోగికి సికిందరాబాదులో 10,620 రూపాయలు, విశాఖలో 7,080 రూపాయలు. నెలకు తేడా 3,540.

బదిలీపై ఇచ్చే కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంటు మూలవేతనంలో 80 శాతం. అనగా పై ఉద్యోగికి 28,320 రూపాయలు. నెలకు 3,540 చొప్పున ఎనిమిది నెలలు లెక్కించిన సరిగా ఇంతే వస్తుంది. మూలవేతనం ఎంతైనా ఈ ఫలితం మారదు. ప్రభుత్వం ఒక చేతితో ఇచ్చిన 80 శాతాన్ని నెలకు 10 శాతం చొప్పున ఎనిమిది నెలలలో మరొక చేతితో తీసుకుంటున్నది. ఆ తరువాత ప్రతి నెలా నష్టమే.

ఇది ఇంటి అద్దె మాత్రమే. రవాణా భత్యంలో హైదరాబాదు హెచ్చు రేటు గల 19 నగరాలలో ఒకటి. విశాఖ ఆ పట్టికలో లేదు. మూడు నుండి ఎనిమిది లెవెల్ వరకు ఉన్నవారికి అక్కడ 3,600, ఇక్కడ 1,800; దానిపై కరువు భత్యం. కరువు భత్యం 50 శాతం అనుకొన్నా ఈ తేడా 2,700 అవుతుంది. రెండూ కలిపితే నెలకు 6,240. ట్రాన్స్‌ఫర్ గ్రాంటు ఐదు నెలలు నిండకముందే ఖర్చైపోతుంది. లారీ కిరాయి, కొత్త ఇంటి అడ్వాన్సు, బడి ప్రవేశ రుసుము, పాలు పోసేవాని బాకీ నుండి గ్యాసు కనెక్షన్ మార్పు వరకు గల చిల్లర ఖర్చులు వీటికి అదనం.

"విశాఖలో అద్దెలు తక్కువ గదా" అని అధికారులు అంటారు. కొన్ని పేటలలో తక్కువే, మేము కాదనము. కాని ఊరు తెలియని మనిషి పది రోజులలో వెదకుకొనే ఇల్లు ఎన్నడూ చవుకగా దొరకదు. రైల్వే క్వార్టరులో ఉంటున్నవారికి మరొక చిక్కు. బదిలీ అయిన తరువాత మామూలు అద్దెపై రెండు నెలలు మాత్రమే పాత క్వార్టరు ఉంచుకొనవచ్చును. పిల్లల చదువు లేక అనారోగ్యం కారణంగా మరి ఆరు నెలలు ఉంచుకొన్న రెట్టింపు రుసుము చెల్లించవలెను. 2002, 2003 సంవత్సరాలలో ఏడు కొత్త జోన్లు ఏర్పడినప్పుడు, అక్కడికి వెళ్ళినవారు పాత క్వార్టరును ఎక్కువ కాలం ఉంచుకొనుటకు రైల్వే బోర్డు ప్రత్యేకంగా అనుమతించినది. ఈనాడు మనం కోరేది కొత్త దయ కాదు, పాత న్యాయమే.

సామాను విషయంలో కూడ ఒక మాట. ప్రయాణ భత్యపు నిబంధనల ప్రకారం ఆరవ లెవెల్ నుండి పైవారికి 6,000 కిలోల గృహోపకరణాలు తరలించుకొనే హక్కు ఉన్నది. ఐదవ లెవెల్ వారికి 3,000. నాలుగు, అంతకు దిగువ వారికి 1,500. ట్రాక్‌మ్యాన్ ఇంటి మంచమూ, బీరువా, బియ్యపు డబ్బా, ఆఫీసరు ఇంటి వాటికంటె నాలుగవ వంతు బరువే ఉంటాయని ఏ తూకంతో తేల్చినారో మాకు అర్థం కాదు.

భువనేశ్వరం నుండి వచ్చేవారికి అద్దె భత్యంలో నష్టం లేదు. ఆ నగరం కూడ 'వై' తరగతియే. వారి కష్టం భాషలో, బడిలో ఉన్నది. వాల్తేరు నుండి రాయగడ వెళ్ళవలసిన వారి కష్టం ఇంకొక రకం. ఒకే ఉత్తర్వు అందరినీ ఒకే తీరుగా బాధించదు గనుక, అందరికీ ఒకే వినతిపత్రం సరిపోదని మన బ్రాంచీలు గ్రహించవలెను.

ఎండ వేరు, ఉక్క వేరు

సికిందరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. అక్కడ మే నెలలో 40 డిగ్రీలు దాటినా ఎండ పొడిగా ఉంటుంది. చెమట పట్టగానే ఆరుతుంది. కుండలో నీరు చల్లబడుతుంది. రాత్రి రెండు జాములు దాటిన తరువాత డాబా మీద కొంత గాలి ఆడుతుంది. విశాఖలో 35 డిగ్రీలకే మనిషి తడిసి ముద్దౌతాడు. గాలిలో అప్పటికే నిండా తేమ ఉన్నందున చెమట ఆరదు. చెమట ఆరనిదే శరీరం చల్లబడదు. ఉష్ణమాపకంలో అంకె చిన్నదని ఊరు చల్లనిదనుకొనుట పొరపాటు.

దీని ఫలితం ఇంటి ఖర్చులో వెంటనే కనబడుతుంది. సికిందరాబాదు నుండి ఎంతో జాగ్రత్తగా లారీలో తెచ్చుకొన్న ఎయిర్ కూలర్ ఇక్కడ అక్కరకు రాదు. తేమ గాలికి మరింత తేమ చేర్చి ఉక్కను పెంచుతుంది. కుండ నీరు అంతగా చల్లబడదు. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారుతుంది. ఊరగాయపై బూజు కడుతుంది. ఇనుప మంచం, సైకిలు, కుట్టుమిషను ఉప్పుగాలికి తుప్పు పడుతాయి. చంటిబిడ్డకు చెమటకాయలు, వంటింటిలో గృహిణికి నీరసం. ఇవి చిన్న విషయాలని నవ్వేవారు ఒక్క మే నెల ఆ వంటింటిలో నిలబడి చూడవలెను.

మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచినప్పుడు తీరవాసి ప్రాణం తెరపిన పడుతుంది. కాని కొన్ని రోజులలో పడమటి గాడ్పు బలంగా వీచి సముద్రపు గాలిని ఊరిలోకి రానీయదు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయనే సామెత ఆ రోజులను చూచి పుట్టినదే. 2003 మే నెలలోనూ, మరల 2015 మే నెలలోనూ ఆంధ్రప్రదేశ్‌లో వడగాలులకు వేయిమందికి పైగా మరణించినారు. మరణించినవారిలో అత్యధికులు ఎండలో పనిచేయక తప్పని బీదలు, వృద్ధులు.

ఇక్కడ పని పరిస్థితులను గూర్చి ఒక మాట చెప్పవలెను. మన రైల్వేలో పట్టాకు ఎండ దెబ్బ తగులకుండ నిబంధనలు ఉన్నవి. పట్టా ఉష్ణోగ్రతను కొలుస్తారు. అది నిర్ణీత హద్దు దాటితే పట్టా వంకర పోవచ్చునని ప్రత్యేక గస్తీ వేస్తారు. అవసరమైతే రైళ్ళ వేగం తగ్గిస్తారు. మంచిదే, ప్రయాణికుల ప్రాణాలు దానిపై ఆధారపడి ఉన్నవి. కాని ఆ గస్తీ తిరిగేవాడు మనిషి. పట్టా కాగే సమయంలోనే అతడు కంకర మీద నడువవలెను. పట్టాకు హద్దు ఉన్నది. ఆ మనిషి దేహానికి ఏ హద్దు రాసిపెట్టినారు? ఏ డిగ్రీ వద్ద అతనికి నీడ, నీరు, విశ్రాంతి ఇవ్వవలెను? కొండవాలు పేటలలో ఉత్తరాల సంచితో మెట్లెక్కి దిగే పోస్టుమ్యాన్‌కు, రేకుల కప్పు క్రింద పార్సెళ్ళు వేరుచేసే ఆర్.ఎం.ఎస్. సార్టరుకు కూడ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

వాతావరణాన్ని లెక్కలోకి తీసుకొనుట ప్రభుత్వానికి తెలియని విషయం కాదు. 'బాడ్ క్లైమేట్ అలవెన్సు' అనే భత్యం చాలాకాలం ఉండినది. ఏడవ వేతన సంఘం తరువాత 2017లో అది 'టఫ్ లొకేషన్ అలవెన్సు'లో కలిసిపోయినది. విశాఖకు ఆ భత్యం కావలెనని మేము అడుగుటలేదు. లక్షలాది మంది ప్రజలు అక్కడ జీవిస్తున్నారు. వారి ఊరిని దుర్భర ప్రదేశమనుట వారిని అవమానించుటే. మేము కోరేది పనివేళల మార్పు, గ్యాంగులకు చల్లని నీరు, విశ్రాంతికి నీడ, క్వార్టర్లకు గాలి వెలుతురు, నిరంతర నీటి సరఫరా.

నీటి సంగతి వచ్చినది గనుక చెప్పుదుము. విశాఖలో ఒక పాయింట్స్‌మ్యాన్ ఇంటికి వెళ్ళినప్పుడు, సికిందరాబాదు వారు ఈ ఉక్కను ఓర్చుకొనగలరా అని అడిగినాము. ఆ ఇంటి ఇల్లాలు నవ్వి, "ఉక్కకి అలవాటు పడిపోతారండి. నీళ్ళు రాకపోడానికి మటుకు ఎన్నేళ్ళున్నా అలవాటు పడలేం" అన్నది. ఉక్క ఊరిలో రెండు పూటలా స్నానం విలాసం కాదు, వైద్యం. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు జలాలపై ఆధారపడిన నగరానికి జోన్ కార్యాలయంతో పాటు వేలాది కొత్త నోళ్ళు చేరుతున్నప్పుడు, కాలనీల నీటి ఏర్పాటు భవన నిర్మాణం తరువాత ఆలోచించవలసిన విషయం కాదు.

పంచాంగం చూడని ఉత్తర్వులు

బడి ఏప్రిల్‌లో ముగుస్తుంది, జూన్‌లో తెరుచుకుంటుంది. కావున కుటుంబంతో ఊరు మారదలచినవారికి మిగిలేది మే నెల. అనగా గాడ్పులు వీచే నెల. 1,000 కిలోమీటర్ల లోపు దూరానికి చేరికకు లభించే గడువు 10 రోజులు. ఆ పది రోజులలో సామాను కట్టవలెను, సుమారు 700 కిలోమీటర్లు ప్రయాణించవలెను, ఇల్లు వెదకవలెను, బడి చూడవలెను. పసిపిల్లలతో, డెబ్బది ఏండ్ల అత్తతో, మే నెల మధ్యాహ్నం తెలియని పేటలలో 'టు లెట్' బోర్డులు చూస్తూ తిరిగే కుటుంబాన్ని ఊహించండి.

అక్టోబరు, నవంబరు నెలలలో తుఫానుల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు, ఆ నగరం రోజుల తరబడి కరెంటు లేక, నీరు లేక, పాలు లేక అల్లాడినది. పాతవారికి ఏమి నిల్వ చేసుకొనవలెనో, ఏ గెడ్డ పొంగుతుందో తెలుసు. కొత్తవారికి ఎవరు చెప్పవలెను?

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. బదిలీ ఉత్తర్వును జనవరిలో ఇచ్చి, చేరుటకు జూన్ వరకు వ్యవధి ఇచ్చిన, ఉద్యోగి చలికాలంలోనే ఒకసారి వచ్చి ఇల్లు, బడి చూచుకొని వెళ్ళగలడు. ఇందుకు ఖజానాపై ఒక్క రూపాయి భారం లేదు. కావలసినది కొద్దిపాటి ముందుచూపు.

ఇంతకంటె గంభీరమైనది పిల్లల స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుండి మన రెండు రాష్ట్రాలలో కళాశాలల సీట్లలో 85 శాతం స్థానికులకు ప్రత్యేకించబడుతూ వచ్చినవి. స్థానికత నిర్ణయానికి ముఖ్యమైన కొలమానం, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాల చదువు. తొమ్మిది, పది తరగతులు సికిందరాబాదులో చదివి, ఇంటర్మీడియట్ విశాఖలో చదివిన పిల్లవానికి ఏ వైపునా వరుస నాలుగేండ్లు ఉండవు. తండ్రి ప్రభుత్వ అవసరానికై ఊరు మారినాడు. పిల్లవాడు రెండు ఊళ్ళకూ పరాయివాడైనాడు. కేంద్ర ఉద్యోగుల పిల్లలకు మిగిలిన 15 శాతంలో పోటీపడే అవకాశం ఉండవచ్చును. ఆ ఇరుకు సందు విశాలమైన రాజమార్గానికి సాటిరాదు. కావున పిల్లలు తొమ్మిది నుండి పన్నెండు తరగతుల మధ్య ఉన్న ఉద్యోగిని అతని అంగీకారం లేకుండ కదల్చరాదని మేము స్పష్టంగా కోరుతున్నాము.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైన ఇళ్ళ విషయం మరొకటి. వారిని సాధ్యమైనంత వరకు ఒకే ఊరిలో ఉంచవలెనని కేంద్ర సిబ్బంది శాఖ 2009 సెప్టెంబరు 30న ఉత్తర్వులిచ్చినది. భర్త రైల్వేలో, భార్య తపాలాలో ఉన్నప్పుడు ఆ ఉత్తర్వు ఎవరి బల్ల మీద ఆగిపోతుందో మనకు తెలుసు. తపాలా ఉద్యోగిని 38వ నిబంధన క్రింద తానుగా బదిలీ కోరుకొన్న, కొత్త చోట సీనియారిటీ పట్టికలో అడుగున చేరవలెను. భర్త బదిలీ ప్రభుత్వ అవసరం. ఆ వెంట వచ్చిన భార్య బదిలీ మాత్రం సొంత కోరిక! ఈ వింత న్యాయాన్ని రెండు శాఖల సంఘాలు కలిసి ఎదుర్కొనవలెను.

రైల్వే ఉద్యోగులు కూడ ఈ 'సొంత కోరిక' అనే రెండు మాటలను జాగ్రత్తగా చూడవలెను. పరిపాలనా అవసరంపై బదిలీ అయినవారి సీనియారిటీ నిలుస్తుంది. సొంత కోరికపై వెళ్ళినవారిది పోతుంది. ఆప్షన్ పత్రంలో ఆ మాటలు ఎక్కడైనా దూరినవేమో చూడకుండ సంతకం చేయవద్దు. సందేహమున్న బ్రాంచి కార్యదర్శికి చూపండి.

రెండు పొయ్యిల సంసారం

ఇన్ని చిక్కులు చూచి చాలామంది సోదరులు ఒక నిర్ణయానికి వస్తున్నారు: కుటుంబాన్ని సికిందరాబాదులోనే ఉంచి, తాము ఒంటరిగా విశాఖలో గది తీసుకొని ఉండుట. శనివారం రాత్రి రైలెక్కుట, ఆదివారం సాయంత్రం మరల రైలెక్కుట. వారిని మేము తప్పుపట్టము. పిల్లవాని పదవ తరగతి కొరకు, తల్లి చికిత్స కొరకు అట్లా చేయక తప్పని పరిస్థితులు ఉన్నవి. లాలాగూడ కేంద్ర ఆసుపత్రిలో ఏండ్లుగా చికిత్స పొందుతున్న వృద్ధులను, కొత్త చోట అదే స్థాయి ఆసుపత్రి ఉన్నదో లేదో తెలియకుండ కదల్చుట కష్టమే.

అయినా ఈ పద్ధతి ఏండ్ల తరబడి సాగిన ఏమౌతుందో సంఘం పనిలో చాలా చూచినాము. రెండు అద్దెలు, రెండు పొయ్యిలు. హోటలు భోజనం, చక్కెర వ్యాధి, రక్తపు పోటు. సెలవంతా రైలులోనే. తండ్రి ఇంటికి అతిథిగా వచ్చిపోయేవాడౌతాడు. ఇంటి భారమంతా ఇల్లాలిపై పడుతుంది. యాజమాన్యానికి ఈ ఏర్పాటు అనుకూలమే. కుటుంబం రానప్పుడు క్వార్టరు అడుగడు, బడి అడుగడు, నీరు అడుగడు. ఒంటరి మనిషి చవుక మనిషి. కావుననే కుటుంబాన్ని వెంట తీసుకొనివెళ్ళగల పరిస్థితులను సాధించుట సంఘం బాధ్యత అంటున్నాము. వెళ్ళాలా వద్దా అన్నది ఆ ఇంటివారే నిర్ణయించుకొనవలెను. వెళ్ళుట అసాధ్యమైన చోట అది నిర్ణయం అనిపించుకోదు.

విశాఖ సోదరులకు ఒక మనవి

కొత్తగా వచ్చేవారి వలన తమ పదోన్నతులు వెనుకబడునేమోనని విశాఖ డివిజన్‌లోని మన సభ్యులలో కలవరం ఉన్నది. అది అర్థం చేసుకొనదగినదే. దానికి విరుగుడు తగినన్ని కొత్త పోస్టుల మంజూరీ, ఖాళీల భర్తీ. వచ్చిన కుటుంబాన్ని వేరుగా చూచుట వలన ఒక్క పదోన్నతి కూడ ముందుకు రాదు. ఉన్న నాలుగు పోస్టుల కొరకు పాతవారూ కొత్తవారూ కలహించుకొన్న, ఐదవ పోస్టు అడిగేవారు ఉండరు. యాజమాన్యానికి కావలసినది అదే.

రాష్ట్ర విభజన నాటి మాటల గాయాలు కొందరిలో ఇంకా పచ్చిగా ఉన్నవి. యాసను బట్టి మనిషిని అంచనా వేసే అలవాటు కొన్ని కార్యాలయాలలో కనబడుతున్నది. మన సంఘపు గడప లోపల దానికి చోటు ఉండరాదు. ఒరియా మాటలాడే సోదరుడైనా, తెలంగాణ సోదరుడైనా, రాయలసీమ సోదరుడైనా విశాఖపట్నం స్టేషనులో దిగినప్పుడు అతనికి ఎదురయ్యే మొదటి మనిషి మన సంఘ సభ్యుడు కావలెను.

ఇందుకై ప్రతి బ్రాంచి నలుగురైదుగురితో ఒక నివాస సహాయ సంఘాన్ని ఏర్పరచుకొనవలెనని సూచిస్తున్నాము. కంచరపాలెం, మర్రిపాలెం, గోపాలపట్నం ప్రాంతాలలో ఏ వీధిలో నీరు సరిగా వస్తుందో, ఏ గెడ్డ ప్రక్కన ఇల్లు తీసుకొనరాదో, ఏ బడిలో సీటు దొరుకుతుందో స్థానికులకు తెలిసినంత ఏ దళారికీ తెలియదు. పై అంతస్తు చవుకగా వస్తున్నదని ఏప్రిల్‌లో తీసుకొని మే నెలలో వాపోయే కుటుంబాలను ఒక్క మాటతో కాపాడవచ్చును. పడమటి ఎండ పడని గోడ, ఎదురెదురు కిటికీలు, నీటి తొట్టి ఉన్న ఇల్లు చూడుమని చెప్పుటకు పెద్ద చదువు అక్కరలేదు. వచ్చిన మొదటి వారం వృద్ధులను, పసివారిని మధ్యాహ్నపుటెండలో తిప్పవద్దనీ, మజ్జిగ, ఉప్పు కలిపిన గంజి, నిమ్మరసం తరచుగా ఇవ్వవలెననీ, తుఫాను హెచ్చరిక వినగానే నీరు, కొవ్వొత్తులు, మందులు, సర్టిఫికెట్లు భద్రపరచుకొనవలెననీ తెలిసినవారు తెలియనివారికి చెప్పవలెను.

మనం కోరవలసినవి

ఈ క్రింది అంశాలను బ్రాంచి, డివిజన్, జోన్ స్థాయి చర్చలలో మన ప్రతినిధులు ముందుంచవలెనని మా అభిప్రాయం:

1. కొత్త జోన్ అవసరాలకై వచ్చే ప్రతి బదిలీని పరిపాలనా అవసరంగానే పరిగణించి సీనియారిటీని కాపాడవలెను.
2. ఉత్తర్వు జనవరిలో ఇచ్చి, చేరుటకు విద్యా సంవత్సరాంతం వరకు వ్యవధి ఇవ్వవలెను.
3. హైదరాబాదు నుండి వచ్చినవారికి, క్వార్టరు కేటాయించువరకు, పాత రేటున ఇంటి అద్దె భత్యం చెల్లించవలెను.
4. పాత క్వార్టరును మామూలు అద్దెపై రెండేండ్లు ఉంచుకొనే అవకాశం ఇవ్వవలెను.
5. తొమ్మిది నుండి పన్నెండు తరగతులలో పిల్లలున్న వారిని అంగీకారం లేకుండ బదిలీ చేయరాదు. బదిలీ అయిన కేంద్ర ఉద్యోగుల పిల్లల స్థానికతను కాపాడుటకు రెండు రాష్ట్ర ప్రభుత్వాలతో సంప్రదించవలెను.
6. ప్రధాన కార్యాలయ భవనంతో పాటు క్వార్టర్లు, నీటి సరఫరా, కేంద్ర ఆసుపత్రి స్థాయి వైద్యం ఏకకాలంలో ఏర్పడవలెను.
7. మార్చి నుండి జూన్ వరకు ఎండలో పనిచేసే సిబ్బందికి పనివేళల మార్పు, నీడ, చల్లని నీరు, వైద్య సహాయం నిబంధనగా ఉండవలెను. పోస్టుమ్యాన్ బీట్లకు కూడ ఇది వర్తించవలెను.
8. భార్యాభర్తలలో ఒకరు ఒక శాఖలో, మరొకరు వేరొక శాఖలో ఉన్నప్పుడు, వెంట వచ్చే ఉద్యోగి సీనియారిటీ పోకుండ చూడవలెను.

వీటిలో కొన్ని రేపే సాధ్యం కావచ్చును. కొన్నింటికి దీర్ఘకాలం పోరాడవలసి రావచ్చును. కాని అడుగుట అయినా ఈనాడే ఆరంభించవలెను. కుటుంబాలు కదలిన తరువాత వేసే వినతిపత్రం, రైలు వెళ్ళిన తరువాత ఎత్తిన జెండా వంటిది.

ఆ సోదరి ప్రశ్నకు ఆనాడు సభలో మేము సరిగా సమాధానం చెప్పలేకపోయినాము. ఈనాడు ఈ పత్రిక ద్వారా చెప్పుతున్నాము: అమ్మా, మా కాగితంలో మీ పేరు లేకపోవుట మా తప్పు. ఇకమీదట మా కోర్కెల పట్టికలో మీ అత్తమ్మ మందు, మీ పిల్లల బడి, మీ వంటింటి గాలి, నీరు కూడ ఉంటవి. రాబోయే బ్రాంచి సమావేశానికి మీ భర్తతో పాటు మీరూ రండి. ఈసారి వెనుక వరుసలో కూర్చొనవద్దు.